కొళాయి నీళ్ల మీద నేనిచ్చిన ఉపన్యాసం

ముప్పై ఏళ్లు పరాయివాళ్ల మలం చూసి బతికినదాన్ని నేను. మర్యాదగా చెప్పాలంటే, హాలిఫాక్స్ అనే చలిదేశపు రేవుపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో పరాన్నజీవుల బల్ల దగ్గర టెక్నాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మా బల్ల కిటికీ పక్కన ఉండేది. తల ఎత్తితే హార్బరూ, అటూ ఇటూ తిరిగే ఫెర్రీ పడవలూ కనిపించేవి. తల దించితే ఏం కనిపించేదో చెప్పాను కదా. మిగతా విభాగాల వాళ్లు మమ్మల్ని ఎంతో గౌరవించేవారు, క్యాంటీన్‌లో మాత్రం పక్కన కూర్చునేవారు కాదు.

ఇప్పుడు ల్యాబ్ ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, ‘‘ఆంటీ, మీ కెరీర్‌లో పెద్ద డిస్కవరీ ఏంటి?’’ అని అడుగుతుంటారు. డిస్కవరీ ఏమీ లేదమ్మా. ఒక తప్పు మాత్రం ఉంది. దాన్నే చెబుతాను, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు అమీబా గురించి నాలుగు మాటలు వినాలి. అవి తెలియకపోతే నా తప్పు ఎంత పెద్దదో మీకు అర్థం కాదు. అమీబా అంటే ఒకే ఒక్క కణం. నోరు లేదు, కాళ్లు లేవు, మెదడు లేదు. ఎటు పోవాలనుకుంటే అటు ఒళ్లు సాగదీసి జారుతుంది. దారిలో బ్యాక్టీరియా ఎదురైతే చుట్టూ కమ్ముకుని మింగేస్తుంది. సంఖ్య పెంచుకోవాలనిపిస్తే రెండుగా చీలిపోతుంది. తిండీ తడీ కరువైతే వాటిలో చాలా రకాలు చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని, మంచిరోజులు వచ్చేదాకా లోపలే పడుకుంటాయి. ఆ గుల్లని మేం సిస్టు అంటాం. మట్టిలో ఉంటాయి, చెరువుల్లో ఉంటాయి, కొళాయి నీళ్లలోనూ ఉంటాయి. చాలావాటికి మనతో పనిలేదు. మన పేగుల్లోనే చడీచప్పుడు లేకుండా కాపురముండే రకాలు కూడా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి, రిపోర్టులో ‘హాని లేనిది’ అని రాయడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం.

హాని చేసేవి కొన్నే. ఒకటి పేగుల్లో పుళ్లు పెట్టి రక్త విరేచనాలు తెస్తుంది, ఒక్కోసారి కాలేయం దాకా పాకుతుంది. ఇంకొకటి గోరువెచ్చని చెరువు నీళ్లలో పెరిగి, ఈతకొట్టేవాళ్ల ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. మహా అరుదు, కానీ వచ్చిందంటే మనిషి దక్కడం కష్టం. మూడోది కూడా ఒకటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ఎందుకంటే ఆరోజు నేను కూడా దాన్ని తర్వాతకే వదిలేశాను.

నేనింకా ఉద్యోగంలో ఉండగా ఒక వేసవిలో ఎండ ముదిరింది. ముదిరిందంటే మనవాళ్లు స్వెటర్లు తీశారని అర్థం. అదే సమయంలో ఎక్కడో అమెరికా దక్షిణాన ఒక మనిషి చెరువులో ఈతకొట్టి, మెదడుకు అమీబా పట్టి చనిపోయాడన్న వార్త మా తెలుగు సంఘం ఫోన్ గ్రూపులోకి వచ్చింది. పొద్దున అది వార్త. మధ్యాహ్నానికి అది పక్క రాష్ట్రం. సాయంత్రానికి మా ఊరి చెరువు. ఎవరో కణం బొమ్మకి కళ్లూ కోరలూ దిద్ది పెట్టారు. మర్నాటికి ఒకావిడ స్నానం నీళ్లు మరగబెట్టడం మొదలుపెట్టారు. ఒకాయన చెరువులో పట్టిన చేపని కూర వండొచ్చా, లేక చేపకి కూడా మెదడు పోయి ఉంటుందా అని అడిగారు.

మా సంఘం అధ్యక్షుడు ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. గోదావరి జిల్లాల మనిషి, మంచివాడే, కాకపోతే మైకు కనిపిస్తే ఆగలేడు. ఆయన తక్షణం అమీబా నివారణ ఉపసంఘం వేశారు. చెరువు గట్టున జరగాల్సిన పిక్నిక్‌ని కమ్యూనిటీ హాల్లోకి మార్చారు. కమిటీ సభ్యులందరికీ ఈతగాళ్లు ముక్కుకి పెట్టుకునే క్లిప్పులు పంచారు. ఆయన ఫెర్రీ ఎక్కేటప్పుడు కూడా క్లిప్పు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ అమీబా ఉప్పునీళ్లలో బతకదని చెబితే, ‘‘రిస్కెందుకండీ’’ అన్నారు, క్లిప్పు తీయకుండానే.

ఆ తర్వాత నాకు ఫోన్ చేశారు.

‘‘డాక్టర్ గారూ, మీరొచ్చి నాలుగు ముక్కలు చెప్పాలండీ. మన జనం బాగా బెదిరిపోయున్నారు.’’

‘‘నేను డాక్టర్ని కాదండీ, ల్యాబ్ టెక్నాలజిస్టుని.’’

‘‘అదేలెండి. డాక్టరంటేనే మనోళ్లు వింటారు. బ్యానర్ మీద అలాగే వేయించేశాను.’’

వేయించేశానన్నారు కాబట్టి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లలో నన్నెవరూ బ్యానర్ మీద వేయలేదు మరి.

ఆదివారం హాలు నిండింది. జనం భయంగా కూర్చున్నారు. ముందు కాసేపు పద్ధతిగానే చెప్పాను. ఆ అమీబా ముక్కు ద్వారానే వెళుతుందని, తాగితే ఏమీ చేయదని, మన చెరువుల చల్లదనం దానికి సరిపడదని, ముక్కు కడుక్కునే అలవాటున్నవాళ్లు మాత్రం మరిగించి చల్లార్చిన నీళ్లు వాడాలని. ఇంతవరకూ అంతా నిజమే. ఇక్కడితో దిగిపోయి ఉంటే నేను చెప్పడానికి ఇవాళ కథ ఉండేది కాదు. కానీ ఎవరో నవ్వారు. నవ్వు వినిపించేసరికి నాకు ఉత్సాహం వచ్చింది.

‘‘మన కొళాయి నీళ్లలో అమీబాలుంటాయా? ఉండొచ్చు. నిన్న తాగారు, ఇవాళ తాగారు, నా ఎదురుగా కుర్చీలో బానే కూర్చున్నారు కదా!’’ అన్నాను. హాలంతా నవ్వింది. ‘‘మెదడు తినే అమీబా మన కమిటీ మీటింగుకి వస్తే ఆకలితో వెనక్కి పోతుంది’’ అన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది అధ్యక్షుడే.

అప్పుడు వెనక, పులిహోర ట్రేల దగ్గర నిలబడ్డ ఒకమ్మాయి చెయ్యెత్తింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన స్టూడెంటు. కాలేజీలో చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తోంది. ఆరోజు వడ్డనకి వాలంటీరుగా వచ్చింది.

‘‘ఆంటీ, మరి ఆ నీళ్లు కండ్లకేమన్న చేస్తయా?’’

ఎందుకడుగుతున్నావమ్మా అని నేను ఎదురు అడగాల్సింది. అది ల్యాబులో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ అమ్మాయికి కళ్లజోడు లేదని మాత్రం చూశాను, ఎందుకు లేదో ఆలోచించలేదు.

‘‘తాగినా ఏం కాదంటుంటే కళ్ల దగ్గరికి వెళ్లావేంటమ్మా! నిక్షేపంగా కడుక్కో!’’ అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఇంటికి వెళుతుంటే ఏదో మర్చిపోయానన్న గుబులు ఒక క్షణం కలిగింది. పులిహోర డబ్బా అనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఈలోగా మా ల్యాబులో మరో రకం నివారణ ఉపసంఘం నడుస్తోంది. మా మేనేజరు ఆవిడ చాలా చురుకైన మనిషి. ఏ పరీక్ష ఎన్నిసార్లు జరుగుతోందో రంగురంగుల పట్టీలు గీయించి, మా బల్ల మీద కొన్ని పరీక్షలకి ఎర్రరంగు వేశారు. ఎర్రరంగంటే ఎవరూ అడగట్లేదు, ఎత్తేయొచ్చని అర్థం. అందులో అమీబా కల్చర్ ఒకటి. దానికి పోషకాలేవీ లేని అగర్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియాని పచ్చికలా పరిచి, పైన శాంపిల్ వేస్తాం. అమీబా ఉంటే ఆ పచ్చికని మేస్తూ బాటలు చేసుకుంటూ పోతుంది. ఆ ప్లేట్లు తయారుచేసే నా సహోద్యోగి కేప్ బ్రెటన్ ద్వీపం మనిషి, నాకంటే పెద్దవాడు. తయారీ ఆపమని మెమో వచ్చినా నెలనెలా కొన్ని పోసి ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టేవాడు. ఎందుకని అడిగితే, ‘‘మెమో మనకి వచ్చింది. అమీబాలకి కాపీ వెళ్లినట్టు లేదు’’ అన్నాడు.

ఒక మంగళవారం ఉదయం అతను ఒక రిక్వెస్టు ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. అది అసలు మా బల్లకి వచ్చింది కాదు, బ్యాక్టీరియా వాళ్లది. ఆ పూట వాళ్ల ఫోన్లు అతను చూస్తున్నాడు.

‘‘ఫోన్లో ఈ పేరు చదవాలి. ఎలా పలకాలో చెప్పు. నేను తప్పు పలికితే నువ్వు మొహం అదోలా పెడతావు.’’

మన తెలుగు పేరే. ఇరవై మూడేళ్లు. ఎడమ కంటి నల్లగుడ్డు మీది పొర నుంచి గీకి తీసిన శాంపిల్. ‘భరించలేని నొప్పి, హెర్పిస్ మందుకి లొంగట్లేదు’ అని రాసుంది. వెలుతురు చూడలేకపోతోందట. బ్యాక్టీరియా గడిలో టిక్కు ఉంది, వైరస్ గడిలో టిక్కు ఉంది. కాంటాక్ట్ లెన్సులు వాడుతుందా అన్న గడి ఖాళీగా ఉంది.

పులిహోర ట్రేలు గుర్తొచ్చాయి. ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. నేను మర్చిపోయింది డబ్బా కాదని అప్పుడు తెలిసింది.

మూడో అమీబా ఇదే పిల్లలూ. అకాంతమీబా దాని పేరు. మట్టిలోనూ కొళాయి నీళ్లలోనూ మామూలుగా ఉంటుంది. తాగితే ఏమీ చేయదు, మొహం కడుక్కుంటే ఏమీ చేయదు. కానీ కాంటాక్ట్ లెన్సుని ఆ నీళ్లతో కడిగి కంట్లో పెట్టుకుంటే, అది లెన్సుని అంటుకుని, లెన్సు గీరిన చోట కంటి పొరలోకి దిగొచ్చు. చూడ్డానికి హెర్పిస్ వైరస్ పెట్టిన పుండులా కనిపిస్తుంది, నొప్పి మాత్రం పైకి కనిపించే దానికంటే ఎన్నో రెట్లుంటుంది. ఆలస్యమైతే చూపు పోతుంది. నాకు ఇదంతా తెలుసు. చదువుకున్నప్పుడు దీనికి మంచి మార్కులు కూడా వచ్చాయి.

మా రూలు ప్రకారం డాక్టర్ అడగని పరీక్ష చేయకూడదు. కంటి క్లినిక్‌కి ఫోన్ చేశాను. రిసెప్షన్ వాళ్లు నా కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి సంగీతం వినిపించారు. చివరికి డాక్టర్ వచ్చాడు. కుర్రవాడు, అలసిపోయిన గొంతు. సంభాషణ ఇంగ్లీషులోనే జరిగింది, నేను తెలుగులో చెబుతున్నాను.

‘‘ఆ అమ్మాయి కాంటాక్ట్ లెన్సులు పెడుతుందా?’’

‘‘పెడుతుంది. కానీ చాలా జాగ్రత్తగా ఉంటుందట.’’

‘‘వాటిని దేనితో కడుగుతుందో అడిగారా?’’

‘‘ఇంకా ఇక్కడే ఉంది. ఉండండి, అడిగి వస్తాను’’ అన్నాడు. మళ్లీ సంగీతం. ఈసారి అది నాకు వినపడలేదు.

తిరిగొచ్చిన డాక్టర్ గొంతులో అలసట లేదు. ‘‘కొళాయి నీళ్లు. పొద్దున్నే షిఫ్టుకి పరుగెత్తేటప్పుడు అలాగే కడుగుతుందట. ఎందుకలా చేశావంటే, వాళ్ల సంఘంలో ఎవరో స్పెషలిస్టు ఆ నీళ్లు కళ్లకి ఏమీ చేయవని మైకులో చెప్పిందట.’’

‘‘ఆ స్పెషలిస్టుని నేనే’’ అన్నాను.



‘‘సరే. ఇప్పుడా స్పెషలిస్టు ఏమంటోంది?’’

‘‘అమీబా కోసం వెతకనివ్వమంటోంది.’’

‘‘ఫారం ఇప్పుడే పంపిస్తున్నాను. త్వరగా చూడండి. మంట తగ్గడానికి నేను స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టాను. ఇది మీరన్నదే అయితే అవి చేటు చేస్తాయి.’’

మిగిలిన శాంపిల్ రెండు చుక్కలు. ఒక చుక్కని నా సహోద్యోగి వెనక అరలోంచి తీసిన ప్లేటు మీద వేశాడు. ఇంకో చుక్కకి, సిస్టుల గోడలకి పట్టే రంగు వేసి, ప్రత్యేకమైన వెలుతురులో మెరిపించే మైక్రోస్కోపు కింద పెట్టాను. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది కానీ వణకలేదు. ముప్పై ఏళ్ల అలవాటు చేతులది, సిగ్గు నాది.

చాలాసేపు చీకటే. కణాల ముక్కలు, చెత్త. నా అనుమానం తప్పయితే బాగుండునని ఆ ఒక్కరోజే కోరుకున్నాను. స్లైడు చివర మూడు సిస్టులు కనిపించాయి. నీలంగా వెలుగుతూ, బయటి గోడ ముడతలు పడి, లోపలి గోడ కోణాలు తీరి. వాటిని చూసి ఇంకేదో అనుకోవడానికి లేదు. సహోద్యోగిని పిలిచాను. చూసి, తల ఎత్తకుండానే, ‘‘డాక్టర్‌కి ఫోన్ చెయ్యి’’ అన్నాడు.

అప్పుడే మేనేజరు అటుగా వచ్చారు. ‘‘ఇది ఎర్రరంగు పరీక్ష కదా?’’ అన్నారు. మా సహోద్యోగి లేచి తన కుర్చీ ఆవిడకి ఇచ్చి మైక్రోస్కోపు చూపించాడు. ఆవిడ కళ్లు పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. ‘‘అందంగా ఉన్నాయి’’ అన్నారు. మర్నాడు పట్టీలో ఆ గడి పసుపురంగుకి మారింది.

స్టెరాయిడ్ ఆ పూటే ఆపేశారు. అమీబాని చంపే క్రిమిసంహారక చుక్కలు మొదలుపెట్టారు. మొదట్లో గంటకోసారి, పగలూ రాత్రీ, తర్వాత కొన్ని నెలల పాటు తగ్గించుకుంటూ. అంత కాలం ఎందుకంటే, అమీబా చస్తుంది కానీ గుల్లలో దాక్కున్నది అంత సులువుగా చావదు. రెండు రోజులకి ప్లేటు మీద పచ్చికలో బాటలు పడ్డాయి. ముప్పై ఏళ్లలో నేను చూసిన అతి స్పష్టమైన కల్చర్ అదే.

ల్యాబులో తెలిసిన పేరు ల్యాబు దాటకూడదు కాబట్టి, ఆ అమ్మాయికి ఇష్టమైతే నా నంబరు ఇమ్మని డాక్టర్‌తో చెప్పాను. నాలుగో రోజు తనే ఫోన్ చేసి రమ్మంది. నలుగురు అమ్మాయిలు కలిసి ఉండే బేస్‌మెంట్ అది. ఫ్రిజ్ మీద ఎవరు ఏ గంటకి చుక్కలు వేయాలో పట్టీ రాసి అతికించారు. మా మేనేజరు పట్టీలకంటే బాగుంది, ఎందుకంటే దాన్ని పాటిస్తున్నారు. ఆ అమ్మాయి కిటికీకి దుప్పటి కట్టుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

దారిపొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. ‘‘నేను తప్పు చెప్పానమ్మా’’ అన్నాను.

‘‘మీరు చెప్పకముందు సుత అట్లనే కడిగేదాన్ని ఆంటీ’’ అంది.

నా గుండె కొంచెం తేలికపడబోయింది. అంతలోనే అంది, ‘‘కాకుంటే అప్పుడు భయపడుకుంట కడిగేది. అందుకే అడిగిన. మీరు చెప్పినంక ధైర్యంగ కడిగిన.’’

నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నది చెప్పింది. పక్కనున్న అమ్మాయి గడియారం చూసుకుని, ‘‘జరుగుండ్రి ఆంటీ, టైమైంది’’ అని చుక్కల మందు తీసింది. నేను జరిగాను.

ఆ వారమే మా ల్యాబులో నా మీద నేనే సంఘటన రిపోర్టు రాసుకున్నాను. తప్పు ఎక్కడ జరిగింది అన్న ప్రశ్నకి శాంపిల్ సేకరణ, రవాణా, పరికరం అని గడులున్నాయి. పిక్నిక్ ఉపన్యాసం అని లేదు. మేనేజరు చదివి, ‘ఇతరములు’ టిక్కు పెట్టి, చెత్తబుట్టలో పడేయకుండా సంతకం చేశారు. దానికి ఆవిడంటే ఇప్పటికీ నాకు గౌరవం.

సంఘం దగ్గర మాత్రం కష్టమైంది. మళ్లీ మైకు కావాలని అడిగితే అధ్యక్షుడు ఇబ్బంది పడ్డారు.

‘‘అమీబా టాపిక్ అయిపోయిందండీ డాక్టర్ గారూ. దీపావళికి ఫ్యాషన్ షో పెట్టాం. జనం మూడ్ పాడవుద్ది.’’

‘‘నేను డాక్టర్ని కాదని కూడా చెప్పాలండీ.’’

‘‘అది ఇంకా పాడుచేస్తదండీ.’’

పట్టుబడితే ఫ్యాషన్ షోకీ భోజనాలకీ మధ్య రెండు నిమిషాలిచ్చారు. జనం ప్లేట్ల కోసం లేస్తున్నారు. నేను డాక్టర్ని కాదన్నాను. కిందటిసారి నాకు సరిగ్గా గుర్తులేని విషయం మీద నవ్వించడం కోసం జవాబు చెప్పానన్నాను. దానివల్ల ఒక కంటికి ప్రమాదం వచ్చిందన్నాను. లెన్సులకి నీళ్లు తగలనివ్వొద్దు, లెన్సులకని అమ్మే సొల్యూషన్‌తోనే కడగాలి, లెన్సులతో స్నానం చేయొద్దు, ఈత కొట్టొద్దు, కన్ను ఎర్రబడి నొప్పి పుడితే లెన్సు తీసేసి అదేరోజు డాక్టర్‌కి చూపించండి అన్నాను. ఎవరూ నవ్వలేదు. చప్పట్లూ కొట్టలేదు. సగం మంది అప్పటికే పప్పు దగ్గర ఉన్నారు.

వేదిక దిగుతుంటే ముందు వరుసలో అధ్యక్షుడి కూతురు, పదహారేళ్ల పిల్ల, తండ్రి చొక్కా లాగుతూ కనిపించింది.

‘‘డాడ్, ఐ డూ దట్ ఎవ్రీ డే.’’

ఆయన అర్థం కానట్టు చూశారు. ‘‘ఏంటమ్మా?’’

‘‘ట్యాప్ వాటర్. మై లెన్సెస్.’’

నేను తిరిగిచ్చిన మైకు ఆయన చేతిలోనే ఉంది. మొదటిసారి ఆయన దాన్ని పక్కన పెట్టి, కూతురి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను తర్వాత ఒక కన్ను చూశారు. రెండూ బాగానే ఉన్నాయి. భోజనాలయ్యేలోపు ఇంకో ఐదుగురు, అందరూ స్టూడెంట్లే, నా దగ్గరికి వచ్చి మేమూ అంతే చేస్తాం ఆంటీ అని గుసగుసగా చెప్పి వెళ్లారు.

జగిత్యాల అమ్మాయి కన్ను నిలబడింది. మబ్బు లాంటి మచ్చ ఒకటి మిగిలింది. ఒక సెమిస్టర్ పోయింది, కాఫీ షాపు ఉద్యోగం పోయింది. దాదాపు ఏడాది తర్వాత ఆఖరి చెకప్‌కి నన్ను తోడు రమ్మంది. ఆ కుర్ర డాక్టరే. కుడికన్ను చేత్తో మూయించి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. పెద్దక్షరం చదివింది. రెండో వరుస చదివింది. మూడోది నెమ్మదిగా చదివింది. నాలుగో వరుసలో రెండక్షరాలు చదివి ఆగింది. నేను కుర్చీ చివరికి జరిగి, నాకు తెలియకుండానే పెదాలు కదుపుతున్నాను.

‘‘ఊహించి చెప్పు, పర్లేదు’’ అన్నాడు డాక్టర్.

ఆ అమ్మాయి ఇంకాసేపు చూసింది. తర్వాత చెయ్యి దించి, మామూలుగా, ‘‘నో డాక్టర్, ఐ కాంట్ సీ ఇట్’’ అంది.

డాక్టర్ కాగితం మీద రాసుకున్నాడు. అంతే, ఏ గొడవా జరగలేదు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఇంతేనా పట్టేది అనుకుంటూ ఆమె కోటు అందుకున్నాను.